డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మాంత్రికుని రక్షణ మంత్రాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనునది బల్ల చుట్టూ కూర్చుని మాటలతోనూ, పాచికలతోనూ ఆడే పాత్రపోషణ ఆట. ఇందులో విజార్డ్ అనే తరగతికి చెందిన పాత్రను తెలుగులో మాంత్రికుడు అనవచ్చును. మాంత్రికుడు శత్రువుల దెబ్బల నుండి తన ప్రాణాన్ని కాపాడుకొనుటకు వాడే మంత్రాలే రక్షణ మంత్రాలు. మేజ్ ఆర్మర్, షీల్డ్, మిర్రర్ ఇమేజ్, బ్లర్, డిస్‌ప్లేస్‌మెంట్, స్టోన్‌స్కిన్, కౌంటర్‌స్పెల్ వీటిలో ముఖ్యమైనవి. మాంత్రికునికి రోజుకు దక్కే మంత్ర ప్రయోగాలు పరిమితం. కనుక రక్షణకు వెచ్చించిన ప్రతి ప్రయోగమూ దాడికి లేకుండా పోయినట్లే. ఏ రక్షణను, ఏ సమయంలో, ఎంత మేరకు ఎంచుకోవాలి అనేది ఈ తరగతిని ఆడేవారికి మొదటి రోజు నుండీ ఎదురయ్యే సమస్య.

ఆంగ్లంలో మాంత్రికుని అనుభవానికీ, మంత్రపు శక్తికీ లెవెల్ అనే ఒకే మాటను వాడతారు. కొత్తవారికి ఇది తికమకగా ఉంటుంది. అందువలన ఈ వ్యాసంలో మాంత్రికునికి స్థాయి అనీ, మంత్రానికి శ్రేణి అనీ వాడడమైనది.

నేపథ్యం

ఈ ఆటను గ్యారీ గైగాక్స్ మరియు డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికనులు రూపొందించగా, 1974లో టి.ఎస్.ఆర్. అనే సంస్థ ప్రచురించింది. 1997లో ఆ సంస్థను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనుగోలు చేసింది. తొలి కూర్పులో మాంత్రికుని పేరు మేజిక్ యూజర్. అతడు కవచం ధరించరాదు. ఆయుధంగా బాకు మాత్రమే వాడవచ్చును. 1975లో వెలువడిన గ్రేహాక్ అనే అనుబంధం నుండి అతని హిట్ పాయింట్లను నాలుగు ముఖాల పాచికతోనూ, యోధుని హిట్ పాయింట్లను ఎనిమిది ముఖాల పాచికతోనూ లెక్కించే పద్ధతి వచ్చింది. హిట్ పాయింట్లు అనగా పాత్ర ఎంత దెబ్బకు తట్టుకోగలదో తెలిపే సంఖ్య. ఈ లెక్కన మొదటి స్థాయి మాంత్రికునికి ఒకే ఒక్క హిట్ పాయింటు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అటువంటివాడు బాకు గీరుకున్నా చనిపోతాడు. మాంత్రికునికి రక్షణ మంత్రాలు ఎందుకు అవసరమైనవో ఈ ఒక్క సంగతే చెబుతుంది.

మంత్రాలను ముందుగా గ్రంథం చూసి కంఠస్థం చేయడం, ప్రయోగించిన వెంటనే మరచిపోవడం అనే పద్ధతిని అమెరికా రచయిత జాక్ వాన్స్ 1950లో వెలువరించిన ది డైయింగ్ ఎర్త్ కథల నుండి తీసుకొన్నారు. తెలుగు జానపద చిత్రాలకు అలవాటు పడినవారికి ఇది వింతగా తోస్తుంది. పాతాళ భైరవి (1951) చిత్రంలోని నేపాళ మాంత్రికుడు ఈ రోజుకు తన మంత్రాలు అయిపోయినవని ఎన్నడూ అనడు. ఈ ఆటలోని మాంత్రికుడు మాత్రం ప్రతి పోరాటం తరువాత మిగిలిన మంత్రాలను లెక్కపెట్టుకోవాలి. ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలుకలో దాచిన మాయలఫకీరు వంటి ఏర్పాట్లు ఈ ఆటలోనూ లేకపోలేదు గానీ, క్లోన్ వంటి ఆ మంత్రాలు ఎనిమిదవ శ్రేణికి చెందినవి. అంతవరకు బ్రతికి ఉండుటే మాంత్రికుని అసలు సమస్య.

దెబ్బ తగిలే విధానం

దాడి చేసేవారు ఇరవై ముఖాల పాచికను వేసి, వచ్చిన సంఖ్యకు తమ నైపుణ్యపు అంకెను కలుపుతారు. ఆ మొత్తం ఎదుటివారి ఆర్మర్ క్లాస్ అనే సంఖ్యకు సమానమైనా, మించినా దెబ్బ తగిలినట్లు. కవచం లేని సాధారణ మనిషి ఆర్మర్ క్లాస్ 10. దీనికి చురుకుదనపు అంకె కలుస్తుంది. 2000 సంవత్సరానికి ముందటి కూర్పులలో ఈ సంఖ్య తలక్రిందులుగా ఉండేది, అనగా ఎంత తగ్గితే అంత మేలు.

రక్షణ మంత్రాలు ఈ క్రమంలో వేరు వేరు చోట్ల అడ్డుపడతాయి. మేజ్ ఆర్మర్, షీల్డ్ మంత్రాలు ఆర్మర్ క్లాస్‌ను పెంచుతాయి. బ్లర్, డిస్‌ప్లేస్‌మెంట్, మిర్రర్ ఇమేజ్ శత్రువు గురిని తప్పిస్తాయి. స్టోన్‌స్కిన్ దెబ్బ తగిలిన తరువాత దాని తీవ్రతను తగ్గిస్తుంది. కౌంటర్‌స్పెల్ శత్రువు మంత్రాన్ని పుట్టకముందే చంపుతుంది. ఒకే చోట అడ్డుపడే రెండు మంత్రాల కంటే వేరు వేరు చోట్ల అడ్డుపడే రెండు మంత్రాలు కలిస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది. ఎంపికలో అన్నిటికంటె ముఖ్యమైన సూత్రం ఇదే.

పాత కూర్పులు

షీల్డ్, మేజిక్ మిసైల్ మంత్రాలు రెండూ 1975 నాటి గ్రేహాక్ అనుబంధంలోనే ప్రవేశించాయి. ఎన్నడూ గురి తప్పని మేజిక్ మిసైల్‌ను షీల్డ్ పూర్తిగా ఆపుతుంది అనే నియమం నేటికీ కొనసాగుతున్నది. 1978 నాటి అడ్వాన్స్‌డ్ కూర్పులో షీల్డ్ వేసుకున్నవారి ఆర్మర్ క్లాస్ చేతితో విసిరిన ఆయుధాలకు 2, విల్లు వంటి వాటి నుండి వచ్చే చిన్న బాణాలకు 3, మిగిలిన దాడులకు 4 అయ్యేది. ఒక దాడికి మూడు లెక్కలు చూడవలసిన ఈ పద్ధతి ఆనాటి నియమాల స్వభావానికి మంచి ఉదాహరణ.

1989 నాటి రెండవ కూర్పులో ఆర్మర్ అనే మొదటి శ్రేణి మంత్రం మాంత్రికుని ఆర్మర్ క్లాస్‌ను 6 చేస్తుంది. దీనికి కాలపరిమితి లేదు. మాంత్రికుడు తిన్న దెబ్బల మొత్తం 8కి స్థాయికి ఒకటి చొప్పున కలిపిన సంఖ్యకు చేరగానే మంత్రం తొలగిపోతుంది. ఇది దెబ్బను ఆపే కవచం కాదు. దెబ్బ పూర్తిగా మాంత్రికునికే తగులుతుంది, మంత్రానికి ఆయువు మాత్రమే తరుగుతుంది. అదే కూర్పులో నాలుగవ శ్రేణికి చెందిన స్టోన్‌స్కిన్ ఒకటి నుండి నాలుగు దాడులకు, పైగా ప్రతి రెండు స్థాయిలకు ఒక దాడి చొప్పున అదనంగా అడ్డుకొంటుంది. ఇది దెబ్బ పరిమాణాన్ని గాక దాడుల సంఖ్యను లెక్కించేది. రాక్షసుని గదాఘాతమూ, చిన్న గులకరాయి విసురూ దీని దృష్టిలో ఒకటే. ఆ కారణంగా తెలివైన శత్రువులు చిన్న చిన్న దాడులతో ముందుగా దానిని అరగదీసి, ఆ తరువాత అసలు దాడికి దిగడం సాధ్యమయ్యేది.

మూడవ కూర్పు

2000లో వచ్చిన మూడవ కూర్పు, 2003లో దానిని సవరించిన 3.5 కూర్పు రక్షణలకు రకాలను ఏర్పరచాయి. కవచపు అంకె, డాలు అంకె, మళ్ళింపు అంకె ఇత్యాదులు వేరు వేరు. ఒకే రకానికి చెందిన రెండు అంకెలలో పెద్దది మాత్రమే లెక్కకు వస్తుంది. వేరు వేరు రకాలైతే అన్నీ కలుస్తాయి. 3.5 కూర్పులో మేజ్ ఆర్మర్ కవచపు అంకెగా 4ను, షీల్డ్ డాలు అంకెగా 4ను ఇస్తాయి. చురుకుదనపు అంకె 2 గల మాంత్రికుడు రెండు మొదటి శ్రేణి మంత్రాలతోనే 12 నుండి 20కి చేరగలడు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం మరే మంత్రాలూ ఇవ్వవు.

అయితే కాలపరిమితిలో పెద్ద తేడా ఉన్నది. మేజ్ ఆర్మర్ స్థాయికి ఒక గంట చొప్పున నిలుస్తుంది. షీల్డ్ స్థాయికి ఒక నిమిషం మాత్రమే. ఐదవ స్థాయి మాంత్రికుడు ఉదయం మేజ్ ఆర్మర్ వేసుకొంటే ఐదు గంటలపాటు నిశ్చింతగా ఉండవచ్చును. షీల్డ్‌ను మాత్రం తలుపు తెరవబోయే ముందు వేసుకోవాలి. తలుపు వెనుక ఎవరూ లేకపోతే అది వృథా అయినట్లే.

డిస్‌ప్లేస్‌మెంట్ మూడవ శ్రేణి మంత్రం. మాంత్రికుడు తాను ఉన్న చోటుకు రెండడుగుల ప్రక్కన కనిపించుట వలన తగలవలసిన దెబ్బలలో 50 శాతం తప్పిపోతాయి. ఆర్మర్ క్లాస్ ఎంత ఉన్నా ఈ 50 శాతం మారదు. కవచాన్ని లెక్కచేయని స్పర్శ దాడులకు కూడ ఇది పనిచేస్తుంది. కనుక పెద్ద పెద్ద నైపుణ్యపు అంకెలు గల శత్రువుల ముందు 4, 8 వంటి పెంపులు ప్రయోజనం కోల్పోయినప్పుడు కూడ డిస్‌ప్లేస్‌మెంట్ విలువ తగ్గదు. లోపమల్లా దాని ఆయువే: స్థాయికి ఒక రౌండు, అనగా ఐదవ స్థాయిలో ముప్పై సెకన్లు. రెండవ శ్రేణికి చెందిన బ్లర్ 20 శాతం మాత్రమే తప్పిస్తుంది గానీ స్థాయికి ఒక నిమిషం నిలుస్తుంది.

ఈ కూర్పులో స్టోన్‌స్కిన్ పద్ధతి పూర్తిగా మారింది. ప్రతి ఆయుధపు దెబ్బ నుండి 10 పాయింట్లు తగ్గిస్తూ, స్థాయికి 10 చొప్పున గరిష్ఠంగా 150 పాయింట్ల వరకు భరించి ఆగిపోతుంది. అడమంటీన్ ఆయుధాలు దీనిని ఖాతరు చేయవు. పైగా ప్రతి ప్రయోగానికి 250 బంగారు నాణేల వజ్రపు పొడి ఖర్చవుతుంది. ప్రాణంతో పాటు సంచిలోని బంగారాన్ని కూడ తూచి చూసుకోవలసిన మంత్రం ఇది.

కవచం ధరించే మాంత్రికునికి ఈ కూర్పులో మంత్రమే విఫలమయ్యే ప్రమాదం కలదు. చెయిన్ షర్టుకు 20 శాతం, నిలువెత్తు పూర్తి కవచానికి 35 శాతం మంత్రాలు తప్పిపోతాయి. మిత్రిల్ అనే తేలికైన లోహంతో చేసిన బక్లర్ డాలుకు ఈ ప్రమాదం లేదు.

2008లో వచ్చిన నాలుగవ కూర్పు మంత్రాల పద్ధతినే మార్చివేసింది. అందులో షీల్డ్ శత్రువు దాడి మధ్యలోనే అడ్డుగా వేసే శక్తిగా మారింది. ఈ మార్పు తరువాతి కూర్పుకు కూడ సంక్రమించింది.

ఐదవ కూర్పు

2014లో విడుదలైన ఐదవ కూర్పులో మాంత్రికుని హిట్ పాయింట్ల పాచికకు ఆరు ముఖాలు. ఈ కూర్పులో ఎంపికను శాసించేవి రెండు నియమాలు. మొదటిది ఏకాగ్రత: కొన్ని మంత్రాలు నిలిచి ఉండుటకు మాంత్రికుడు మనసు నిలపాలి, అటువంటి మంత్రం ఒక సమయంలో ఒకటే ఉండగలదు. రెండవది ప్రతిచర్య: ఇతరుల వంతులో చేయదగిన అడ్డు పని ఒక రౌండుకు ఒక్కటే.

మొదటి స్థాయిలో సందిగ్ధత

మొదటి స్థాయి మాంత్రికునికి రోజుకు రెండే ప్రయోగాలు. స్వల్ప విశ్రాంతితో మరొకటి తిరిగి పొందవచ్చును. దేహదారుఢ్యపు అంకె 2 అయితే హిట్ పాయింట్లు 8. 2014 నాటి నియమాలలో గాబ్లిన్ నైపుణ్యపు అంకె 4. అది సగటున 5 పాయింట్ల దెబ్బ కొడుతుంది. అంటే రెండు దెబ్బలకు మాంత్రికుడు నేలకూలతాడు. అతని ఆర్మర్ క్లాస్ 12 అయితే గాబ్లిన్ దాడులలో 65 శాతం తగులుతాయి. మేజ్ ఆర్మర్ వేసుకొంటే ఆర్మర్ క్లాస్ 13కి చురుకుదనం కలిసి 15 అవుతుంది, దాడులలో 50 శాతం తగులుతాయి. నూరు దాడులకు పదిహేను తగ్గినట్లు.

అదే ప్రయోగాన్ని స్లీప్ మంత్రానికి వాడితే ఎనిమిది ముఖాల పాచికలు ఐదింటి మొత్తానికి సరిపడా హిట్ పాయింట్లు గల శత్రువులు నిద్రపోతారు. ఆ మొత్తం సగటు 22.5, ఒక్కొక్క గాబ్లిన్‌కు 7 హిట్ పాయింట్లు. నలుగురు గాబ్లిన్లు ఎదురైతే ముగ్గురు నిద్రపోయినట్లే. నిద్రించే గాబ్లిన్ కత్తి ఎత్తదు కనుక ఇదీ ఒక రక్షణే, పైగా మాంత్రికునికే గాక అతని బృందమంతటికీ. ఒకే పోరాటం జరిగే రోజున స్లీప్ మేలు. మేజ్ ఆర్మర్ ఎనిమిది గంటలు నిలుస్తుంది, దానికి ఏకాగ్రత అవసరం లేదు. కనుక రెండు మూడు పోరాటాలు ఎదురయ్యే రోజున అది మేలు. ఆనాడు ఎన్ని పోరాటాలు జరుగుతాయో ఆటను నడిపే డంజన్ మాస్టర్‌కు తప్ప మరెవరికీ తెలియకపోవుట ఇందులోని చిక్కు.

షీల్డ్

ఐదవ కూర్పు షీల్డ్ మొదటి శ్రేణికి చెందిన ప్రతిచర్య మంత్రం. దెబ్బ తగిలిందని తెలిసిన తరువాత దీనిని వేయవచ్చును. వేసిన క్షణం నుండి మాంత్రికుని తరువాతి వంతు మొదలయ్యే వరకు ఆర్మర్ క్లాస్ 5 పెరుగుతుంది. తగిలిన ఆ దెబ్బకు కూడ ఈ పెంపు వర్తిస్తుంది. అవసరం లేనప్పుడు ఖర్చు లేకపోవుట దీని గొప్పతనం. 3.5 కూర్పులో వలె తలుపు ముందు నిలబడి ఊహించవలసిన పని లేదు.

అయితే దాడి మొత్తం ఆర్మర్ క్లాస్ కంటె 5 లేదా అంతకు మించి ఎక్కువగా ఉంటే షీల్డ్ వేసినా ఆ దెబ్బ ఆగదు. పాచికపై 20 పడినప్పుడు అసలే ఆగదు. డంజన్ మాస్టర్ దాడి మొత్తాన్ని పైకి చెబితే ఆటగాడు తెలిసి వేస్తాడు. "తగిలింది" అని మాత్రమే చెబితే జూదమాడినట్లు వేస్తాడు. ఒకే మంత్రం ఒక బల్ల వద్ద బంగారంగానూ, మరొక బల్ల వద్ద మామూలుగానూ తోచుటకు ఇదే కారణం. ఆట మొదలుకాక మునుపే ఈ విషయం అడిగి తెలుసుకొనుట మంచిది.

ఉపయోగపడే మరొక విషయం: స్తంభం వంటి వాటి చాటున మూడు వంతుల శరీరం దాగి ఉంటే ఆర్మర్ క్లాస్ 5 పెరుగుతుంది. ఇది షీల్డ్ ఇచ్చేంతే, ప్రయోగమేదీ ఖర్చు కాదు. నిలబడే చోటును ఎంచుకొనుట కూడ రక్షణ మంత్రాలను ఆదా చేసే మార్గమే.

బ్లర్ మరియు మిర్రర్ ఇమేజ్

ఇవి రెండూ రెండవ శ్రేణికి చెందినవే, రెండూ ఒక నిమిషం నిలుస్తాయి, రెండింటినీ వేయుటకు ఒక చర్య ఖర్చవుతుంది. ఆటగాళ్ళ మధ్య ఎక్కువ వాదోపవాదాలకు గురైన జంట ఇదే.

బ్లర్ వేసుకొన్నవారిపై దాడి చేసే శత్రువు రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. మిర్రర్ ఇమేజ్ మాంత్రికుని చుట్టూ అతనివే మూడు ప్రతిరూపాలను కల్పిస్తుంది. 2014 నియమం ప్రకారం దాడి జరిగినప్పుడు మాంత్రికుని తరఫున ఇరవై ముఖాల పాచిక వేస్తారు. మూడు ప్రతిరూపాలు ఉండగా 6 లేదా అంతకు పైన, రెండు ఉండగా 8 లేదా పైన, ఒకటే ఉండగా 11 లేదా పైన పడితే దాడి ప్రతిరూపం వైపు మళ్ళుతుంది. ప్రతిరూపానికి 10కి చురుకుదనం కలిపిన ఆర్మర్ క్లాస్ మాత్రమే ఉంటుంది. దెబ్బ తగిలితే అది మాయమవుతుంది.

ఐదవ స్థాయి మాంత్రికుని ఎదుట కొండ రాక్షసుడు నిలబడినాడనుకొందాము. మాంత్రికుని హిట్ పాయింట్లు సగటు లెక్కన 32, మేజ్ ఆర్మర్‌తో ఆర్మర్ క్లాస్ 15. 2014 నియమాలలో ఈ హిల్ జయంట్ నైపుణ్యపు అంకె 8, వంతుకు రెండు దాడులు, ఒక్కొక్క దెబ్బకు సగటున 18 పాయింట్లు. రెండూ తగిలితే 36. మాంత్రికుడు ఒకే వంతులో పడిపోతాడు. ఒక్కొక్క దాడి తగిలే అవకాశం 70 శాతం, రెండూ తగిలే అవకాశం 49 శాతం. అనగా ఏ అదనపు రక్షణా లేని మాంత్రికుడు సుమారు రెండు సార్లలో ఒకసారి మొదటి వంతులోనే కూలతాడు.

షీల్డ్ వేస్తే ఆర్మర్ క్లాస్ 20. ఒక్కొక్క దాడి తగిలే అవకాశం 45 శాతం, రెండూ తగిలే అవకాశం సుమారు 20 శాతం. బ్లర్ వేసి ఉంటే ఒక్కొక్క దాడికి 70లో 70 శాతం, అనగా 49 శాతం. షీల్డ్, బ్లర్ రెండూ ఉంటే 45లో 45 శాతం, అనగా 20 శాతం. వేరు వేరు చోట్ల అడ్డుపడే మంత్రాలు ఒకదానినొకటి ఎలా బలపరుస్తాయో ఇక్కడ తెలుస్తుంది. మూడు ప్రతిరూపాలు ఉన్న మిర్రర్ ఇమేజ్‌తో మొదటి దాడి మాంత్రికుని వైపే వచ్చే అవకాశం 25 శాతం, అందులో తగిలేది 70 శాతం, మొత్తం 17.5 శాతం మాత్రమే. ప్రతిరూపాలు తగ్గిన కొద్దీ ఇది 24.5 శాతానికీ, 35 శాతానికీ పెరుగుతుంది.

తొలి రెండు మూడు దాడులకు మిర్రర్ ఇమేజ్, దీర్ఘమైన పోరాటానికి బ్లర్ మేలని ఈ లెక్కను బట్టి చెప్పవచ్చును. కానీ నిర్ణయాన్ని మార్చేది ఏకాగ్రత. బ్లర్‌కు ఏకాగ్రత కావాలి, మిర్రర్ ఇమేజ్‌కు అక్కరలేదు. శత్రువులను బంధించే వెబ్, మైమరపించే హిప్నాటిక్ పాటర్న్, మిత్రుని వేగాన్ని పెంచే హేస్ట్, ఎగిరేందుకు ఉపకరించే ఫ్లై ఇవన్నీ ఏకాగ్రత కోరేవే. బ్లర్‌ను ఎంచుకొన్న మాంత్రికుడు తన ప్రాణం కోసం ఇవన్నీ వదులుకొన్నట్లే. యోధులు ముందు నిలిచి పోరాడుతుండగా వెబ్ వేయవలసినవాడు తనను తాను మసకబార్చుకొని కూర్చుంటే బృందంలో ఎవరో ఒకరు ఆ ధర చెల్లిస్తారు. అనుభవజ్ఞులు ఎక్కువగా మిర్రర్ ఇమేజ్ వైపు మొగ్గు చూపుటకు కారణం ఇదే. మాంత్రికుడే కత్తి పట్టి ముందు వరుసలో నిలిచే బ్లేడ్‌సింగర్ వంటి శాఖలలో మాత్రం బ్లర్ కూడ సమంజసమైన ఎంపికే.

ఏకాగ్రతతో ఉన్న మాంత్రికునికి దెబ్బ తగిలితే, 10 లేదా దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే దానిని దేహదారుఢ్యపు పాచికతో అందుకోవాలి. రాక్షసుని 18 పాయింట్ల దెబ్బకు ఆ సంఖ్య 10. అంకె 2 గల మాంత్రికుడు 65 శాతం సార్లు నిలబడతాడు, మిగిలినప్పుడు వెబ్ తొలగి శత్రువులందరూ విడుదలవుతారు. ఈ దృష్టితో చూస్తే షీల్డ్, మిర్రర్ ఇమేజ్ కాపాడేది మాంత్రికుని హిట్ పాయింట్లను మాత్రమే కాదు, అతడు నిలిపి ఉంచిన పెద్ద మంత్రాన్ని కూడ.

స్టోన్‌స్కిన్ కూడ ఈ కూర్పులో ఏకాగ్రత మంత్రమైనది. నాలుగవ శ్రేణి ప్రయోగం, 100 బంగారు నాణేల వజ్రపు పొడి వెచ్చించి, 2014 నియమాల ప్రకారం మాయ లేని ఆయుధాల దెబ్బను మాత్రమే సగం చేస్తుంది. దీనిని మాంత్రికుడు తనపై వేసుకొనుట అరుదు.

పాచిక వేయని దాడులు

ఇంతవరకు చెప్పినవన్నీ గురి చూసి చేసే దాడులకే. ఫైర్‌బాల్ వంటివి గురి చూడవు. ఆ ప్రదేశమంతటినీ దహిస్తాయి. ప్రతిరూపాలు గానీ, ఆర్మర్ క్లాస్ గానీ అక్కడ అక్కరకు రావు. ఫైర్‌బాల్ సగటు దెబ్బ 28. పైన చెప్పిన ఐదవ స్థాయి మాంత్రికునికి ఉన్నవి 32. అబ్సార్బ్ ఎలిమెంట్స్ అనే మొదటి శ్రేణి ప్రతిచర్య మంత్రం నిప్పు, చలి, మెరుపు, ఉరుము, ఆమ్లం వీటి దెబ్బను సగం చేస్తుంది. మూడవ శ్రేణికి చెందిన కౌంటర్‌స్పెల్ అయితే అరవై అడుగుల లోపల మంత్రం వేస్తున్నవారిని కనిపెట్టి దానిని మధ్యలోనే భగ్నం చేస్తుంది. 2014 నియమంలో మూడవ శ్రేణి వరకు గల మంత్రాలు దీనికి తప్పక లొంగుతాయి. అంతకు మించినవైతే పాచిక వేయాలి.

ఇక్కడ అసలు ఇబ్బంది ఎదురవుతుంది. షీల్డ్, అబ్సార్బ్ ఎలిమెంట్స్, కౌంటర్‌స్పెల్ మూడూ ప్రతిచర్యలే, రౌండుకు ప్రతిచర్య ఒక్కటే. శత్రు యోధుని కత్తిని షీల్డ్‌తో ఆపిన మాంత్రికుడు ఆ రౌండులో శత్రు మాంత్రికుని ఫైర్‌బాల్‌ను ఆపలేడు. తెలివైన డంజన్ మాస్టర్ ముందుగా చిన్న సేవకులచేత బాణాలు వేయించి, షీల్డ్ ఖర్చయిన తరువాత పెద్ద మంత్రాన్ని ప్రయోగింపజేస్తాడు. అటువంటప్పుడు ఒక బాణపు దెబ్బను ఓర్చుకొని ప్రతిచర్యను దాచుకొనుట అన్నిటికంటె కష్టమైన, తరచుగా సరియైన నిర్ణయం.

పట్టుబడిన చోటు నుండి తప్పుకొనుటకు మిస్టీ స్టెప్ ఉన్నది. ఇది రెండవ శ్రేణి మంత్రం, అదనపు చర్యతో ముప్పై అడుగుల దూరంలో కనిపించే చోటుకు చేరుస్తుంది. గదతో కొట్టే రాక్షసునికి దూరంగా ఉండుటకు మించిన కవచం లేదు.

శాఖలు, కవచాలు

రక్షణ మంత్రాలలో ఆరితేరిన అబ్జురేషన్ శాఖ మాంత్రికునికి ఆర్కేన్ వార్డ్ అనే అదనపు కవచం లభిస్తుంది. దీని బలం స్థాయికి రెండు చొప్పున, దానికి మేధాశక్తి అంకె కలిపినంత. ఐదవ స్థాయిలో మేధాశక్తి అంకె 4 అయితే 14. ఆ శాఖ మంత్రం వేసినప్పుడల్లా శ్రేణికి రెండు చొప్పున ఇది తిరిగి నిండుతుంది. ఐదవ కూర్పులో మేజ్ ఆర్మర్, షీల్డ్, అబ్సార్బ్ ఎలిమెంట్స్, కౌంటర్‌స్పెల్ నాలుగూ ఈ శాఖవే కావడం గమనార్హం.

ఈ కూర్పులో కవచం ధరించే శిక్షణ ఉన్నవారెవరైనా కవచంతోనే మంత్రాలు వేయవచ్చును. కనుక కొందరు ఒక స్థాయిని యోధునిగానో, పూజారిగానో గడిపి తరువాత మాంత్రికులవుతారు. హాఫ్ ప్లేట్ కవచం, డాలు, చురుకుదనం కలిసి ఆర్మర్ క్లాస్ 19 అవుతుంది; షీల్డ్ వేస్తే 24. మేజ్ ఆర్మర్ ప్రయోగం ఆదా అవుతుంది. దీనికి బదులుగా ప్రతి కొత్త శ్రేణి మంత్రం ఒక స్థాయి ఆలస్యంగా అందుతుంది. ఇతరులు ఐదవ స్థాయిలో నేర్చే ఫైర్‌బాల్ ఇతనికి ఆరవ స్థాయిలో గానీ రాదు.

ప్రయోగాల పంపకం

ఐదవ స్థాయి మాంత్రికునికి రోజుకు మొదటి శ్రేణివి నాలుగు, రెండవ శ్రేణివి మూడు, మూడవ శ్రేణివి రెండు ప్రయోగాలు ఉంటాయి. ఉదయం మేజ్ ఆర్మర్‌కు ఒకటి పోగా మొదటి శ్రేణిలో మిగిలిన మూడూ షీల్డ్ కొరకు, అబ్సార్బ్ ఎలిమెంట్స్ కొరకు ఉంచుకొనుట సాధారణ పద్ధతి. ఈ స్థాయికి వచ్చేసరికి మొదటి శ్రేణి దాడి మంత్రాలు బలహీనపడతాయి, అదే శ్రేణి రక్షణ మంత్రాలు మాత్రం బలహీనపడవు. రెండవ శ్రేణిలో ఒకటి మిర్రర్ ఇమేజ్‌కు, ఒకటి మిస్టీ స్టెప్‌కు, ఒకటి వెబ్‌కు సరిపోతాయి. మూడవ శ్రేణి రెండింటిలో ఒకటి కౌంటర్‌స్పెల్‌కు దాచాలా, రెండూ ఫైర్‌బాల్‌కు వాడాలా అనేది ఎదుటి పక్షంలో మాంత్రికుడు ఉన్నాడో లేడో చూసి తేల్చుకోవాలి. మిర్రర్ ఇమేజ్ వేయుటకు ఒక పూర్తి వంతు పోతుంది. కనుక శత్రువు దూరంగా ఉన్నప్పుడు దానిని వేయుట కంటె పోరాటాన్ని త్వరగా ముగించే మంత్రం వేయుటే మేలు.

లొంగని శత్రువులు

ప్రతి రక్షణకూ విరుగుడు ఉన్నది. చూపుపై ఆధారపడని జీవులకు, మాయను గుర్తించే చూపు గలవారికి బ్లర్, మిర్రర్ ఇమేజ్ పనిచేయవు. డిస్పెల్ మేజిక్ మూడవ శ్రేణి వరకు గల మంత్రాలను తప్పక తొలగిస్తుంది. మేజ్ ఆర్మర్ కూడ ఇందుకు మినహాయింపు కాదు. మనసును వశపరచుకొనే మంత్రాలకు పైన చెప్పినవాటిలో కౌంటర్‌స్పెల్ ఒక్కటే అడ్డు.

2024 సవరణలు

2024లో వెలువడిన సవరించిన నియమ గ్రంథం మేజ్ ఆర్మర్, షీల్డ్ మంత్రాల ప్రధాన ఫలితాన్ని మార్చలేదు. మిర్రర్ ఇమేజ్ మాత్రం బాగా బలపడింది. ఇప్పుడు దెబ్బ తగిలిన తరువాతే, మిగిలిన ప్రతిరూపాలు ఎన్నో అన్ని ఆరు ముఖాల పాచికలు వేస్తారు. వాటిలో ఏ ఒక్కటైనా 3 లేదా పైన పడితే దెబ్బ ప్రతిరూపానికి పోతుంది. మూడు ప్రతిరూపాలు ఉండగా ఇది విఫలమయ్యే అవకాశం 27లో ఒక వంతు మాత్రమే. గురి తప్పిన దాడులకు ప్రతిరూపాలు నశించే ప్రసక్తే లేదు. స్టోన్‌స్కిన్‌కు మాయ లేని ఆయుధాలు అనే పరిమితి తొలగింది. కౌంటర్‌స్పెల్ బలహీనపడింది: ఎదుటి మాంత్రికుడు దేహదారుఢ్యపు పాచికతో తప్పించుకోవచ్చును, మంత్రం భగ్నమైనా అతని ప్రయోగం ఖర్చు కాదు.

ఐదవ కూర్పు నియమాలపై ఆధారపడి 2023లో విడుదలైన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆటలో మిర్రర్ ఇమేజ్ మరొక విధంగా ఉన్నది. అందులో ఒక్కొక్క ప్రతిరూపం ఆర్మర్ క్లాస్‌ను 3 పెంచుతుంది, దాడి తప్పిన ప్రతిసారీ ఒక ప్రతిరూపం మాయమవుతుంది. ఆ ఆట ద్వారా ఈ మంత్రాన్ని తెలుసుకొని బల్ల వద్దకు వచ్చినవారు ఈ తేడాను గమనించవలసి ఉంటుంది.